మూత్రం ఇబ్బందికి నడక తీరు కారణమా?

ప్రశ్న: నా వయసు 44. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం. ఏడాది నుంచి మూత్రం ఇబ్బంది పెడుతోంది. పగలు గంటకో గంటన్నరకో వెళ్లాలనిపిస్తుంది. వెళ్తే ధార వెంటనే రాదు, కాసేపు నిలబడాలి. అయిపోయిందనుకుని జిప్పు పెట్టుకున్నాక నాలుగు చుక్కలు బట్టల్లో పడతాయి. వృషణాలకీ మలద్వారానికీ మధ్య ఎప్పుడూ ఏదో బరువు, సాయంత్రానికి నొప్పి. మూత్ర పరీక్ష, క్రిముల కోసం చేసే కల్చర్, స్కానింగ్, ప్రొస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష, షుగర్ అన్నీ నార్మల్. రెండు కోర్సులు యాంటీబయాటిక్స్ వాడినా తేడా లేదు. నడుము లోపలికి వంచి, పాదాలు బయటికి తిప్పి నడిచే మగవాళ్లకు ఇలాంటి సమస్యలు వస్తాయని ఒక వీడియోలో చూశాను. నా నడక అచ్చం అలాగే ఉంటుంది. అది చూసి బూట్లలో వేసుకునే సోల్స్ కొన్నాను, మూడు నెలలుగా మలద్వారం చుట్టూ కండరాలను బిగించి వదిలే కెగెల్ వ్యాయామాలు చేస్తున్నాను. తగ్గకపోగా ఎక్కువైంది. నడక మార్చుకుంటే తగ్గుతుందా? ఇక కూర్చునే మూత్రం పోయాలా? ఇంకో మాట. మా నాన్నగారికి 73. ఆయన కూడా ఏడెనిమిది నెలలుగా అడుగులో అడుగేసుకుంటూ, కాళ్లు నేలకు అతుక్కున్నట్టు నడుస్తున్నారు. బాత్రూంకి చేరేలోపే బట్టలు తడిసిపోతున్నాయి. మా ఇంటి మగవాళ్ల నడకలోనే ఏదైనా లోపం ఉందంటారా?

సమాధానం: మీరు ‘ఇంకో మాట’ అంటూ చివర్లో రాసిన సంగతితోనే మొదలుపెడతాను. మీ బాధ చిన్నదని కాదు. దానికి కొన్ని వారాల వ్యవధి ఉంది. నాన్నగారిని మాత్రం ఈ వారంలోనే న్యూరాలజిస్టుకు చూపించండి. ఇప్పటికే ఎవరికైనా చూపించారో లేదో మీరు రాయలేదు. చూపించి ఉంటే మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి పెరిగిందనే చెప్పి ఉంటారు, ఆ వయసులో చాలామందికి అది ఉండేదే. కానీ ప్రొస్టేట్ ఎంత పెరిగినా కాళ్లు నేలకు అతుక్కోవు. నడక, మూత్రం రెండూ ఇంచుమించు ఒకేసారి చెడ్డాయంటే, ఆ రెండిటికీ పైన ఎక్కడో ఒకే కారణం ఉందేమోనని వెతకాలి.

మూత్రాశయం తనంతట తాను పనిచేసుకుపోయే అవయవం కాదు. అది నిండుతున్న కబురు వెన్నుపాము గుండా మెదడుకు వెళ్తుంది. మెదడు ముందు భాగం ఆ కబురు విని, వీలు కుదిరే దాకా ఆపి ఉంచుతుంది. సరేననుకున్నాక మెదడు కాండంలోని ఒక చిన్న కేంద్రం కింది కవాటాన్ని వదులు చేయించి మూత్రాశయాన్ని బిగిస్తుంది. ఆ ఆదేశం వెన్నుపాము కొస దాకా దిగి, అక్కడి నుంచి త్రికాస్థి దగ్గరి రెండు, మూడు, నాలుగో నాడుల ద్వారా మూత్రాశయానికి చేరుతుంది. కాళ్లను కదిలించే ఆదేశాలు కూడా మెదడు నుంచి ఇదే వెన్నుపాము గుండా దిగాలి. మెదడు పైపొరలోనైతే కాళ్లకు సంబంధించిన భాగమూ, మూత్రాన్ని అదుపు చేసే భాగమూ ఇరుగుపొరుగులు. కాబట్టి పైనుంచి కింది దాకా ఈ దారిలో ఎక్కడ దెబ్బ తగిలినా నడకలోనూ కనిపించవచ్చు, మూత్రంలోనూ కనిపించవచ్చు. మూత్రం సంగతి మనిషి నెలల తరబడి దాచుకోగలడు. నడకను దాచలేడు. డాక్టరు గదిలోకి వచ్చే ఆ నాలుగడుగుల్లోనే చాలాసార్లు సగం కథ తెలిసిపోతుంది.

మీరు వర్ణించిన నడక చదవగానే నాకు తట్టిన జబ్బు పేరు నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫాలస్. మెదడు లోపలి గదుల్లో ఉండే ద్రవం సరిగా ఇంకక, ఆ గదులు ఉబ్బుతాయి. 1965లో కొలంబియాకు చెందిన న్యూరోసర్జన్ సలొమోన్ హకీం, అమెరికా న్యూరాలజిస్టు రేమండ్ ఆడమ్స్ దీన్ని వైద్యలోకానికి పరిచయం చేశారు. దీని లక్షణాలు మూడు: నడక తడబడటం, మూత్రం ఆగకపోవడం, మతిమరుపు. మామూలుగా ముందు చెడేది నడక. పాదాలు ఎడంగా పెట్టి, నేలకు రాసుకుంటూ చిన్న చిన్న అడుగులు వేస్తారు. మొదటి అడుగు పడటమే కష్టం. వెనక్కి తిరగమంటే ఒక్క మెలికలో తిరగలేక ఆరేడు అడుగులు వేసి తిరుగుతారు. మూత్రం విషయంలో మొదట తొందర ఎక్కువవుతుంది, తర్వాత తడుపుకోవడం మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు దీన్నంతా వయసు మీదికి నెట్టేస్తారు. మెదడు స్కానింగ్‌లో గదులు ఉబ్బినట్టు కనిపిస్తే, నడుము దగ్గర సూదితో 30 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం తీసి, తీయకముందు, తీశాక నడిపించి చూస్తారు. అడుగు తేలికపడితే, మెదడులోని ద్రవాన్ని పొట్టలోకి మళ్లించే సన్నని గొట్టం అమర్చే ఆపరేషన్ పనికొచ్చే అవకాశం బాగా ఉంటుంది. ఆ ఆపరేషన్‌కు దాని ఇబ్బందులు దానికి ఉన్నాయి, అందరికీ పనికిరాదు. అయినా వృద్ధాప్యంలో నడకను కొంతైనా వెనక్కి తెచ్చే అవకాశమున్న జబ్బులు తక్కువ, ఇది వాటిలో ఒకటి. అందుకే ఆలస్యం చేయొద్దంటున్నాను.

ఇదే అయి ఉంటుందని నేను అనడం లేదు. ఉత్తరం చదివి జబ్బు తేల్చడం కుదరదు. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగడం మానేసి, ముందుకు వంగి, రాత్రిళ్లు మూత్రానికి మాటిమాటికీ లేస్తుంటే పార్కిన్సన్స్ గుర్తుకొస్తుంది. కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయి, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కూడా కష్టమవుతుంటే మెడలో వెన్నుపాము నలుగుతోందేమో చూడాలి. కొంతదూరం నడిచేసరికి కాళ్లు లాగి, ముందుకు వంగితేనో కూర్చుంటేనో హాయిగా ఉంటే నడుములో నాడుల దారి ఇరుకైందని అనుమానం. చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లలో మరో రకం: అరికాళ్లలో స్పర్శ తగ్గి అడుగు తడబడుతుంది, మూత్రాశయంలోనూ స్పర్శ తగ్గి అది నిండిన సంగతే తెలియదు. అలాంటప్పుడు బట్టలు తడవడం ఆపుకోలేక కాదు, నిండి పొర్లి.

ఈ చివరిది ముఖ్యం. పొర్లి వచ్చే మూత్రానికీ, తొందరతో వచ్చే మూత్రానికీ మందులు పూర్తిగా వేరు. అందుకని నాన్నగారికి మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో కొలిపించండి. ఆ కొలత లేకుండా మూత్రాశయాన్ని వదులు చేసే బిళ్లలు మొదలుపెట్టకూడదు. వాటిలో కొన్ని పెద్దవయసువాళ్లకు మతి మందగించేలా చేస్తాయి, మూత్రం పూర్తిగా బిగుసుకుపోయేలానూ చేయవచ్చు. జలుబుకు సొంతంగా కొనుక్కునే కొన్ని బిళ్లలకూ ఈ గుణం ఉంది. ప్రొస్టేట్ నిజంగానే పెరిగి ఉంటే దానికీ వైద్యం చేయాల్సిందే, కాకపోతే నడక సంగతి తేలకముందు ప్రొస్టేట్ ఆపరేషన్‌కు తొందరపడొద్దు. నరాల జబ్బు వల్ల వచ్చిన మూత్రం ఇబ్బంది ప్రొస్టేట్ తీసినంత మాత్రాన పోదు, ఒక్కోసారి ఎక్కువవుతుంది కూడా.

ఈలోగా ఇంట్లో చేయాల్సింది ఒకటుంది. బాత్రూంకి పరుగెత్తే ఆ తొందరలోనే పెద్దవాళ్లు ఎక్కువగా పడిపోతారు, తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. దారిలో కాళ్లు తుడుచుకునే పట్టాలు, వైర్లు తీసేయండి. మంచం పక్కన యూరిన్ బాటిల్ పెట్టండి. మొదట మొహమాటపడతారు, అలవాటైతే ఆయనకే హాయి. సాయంత్రానికి పాదాలు వాస్తుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. పగలంతా కాళ్లలో చేరిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి, రాత్రి మూత్రంగా దిగుతుంది. మధ్యాహ్నం కాసేపు కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే రాత్రి లేవడం కొంత తగ్గవచ్చు.

మీకైనా ఆయనకైనా ఒక పరిస్థితిలో మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. నడుంనొప్పితో పాటు తొడల లోపలివైపు, మలద్వారం చుట్టూ మొద్దుబారడం, మూత్రం వస్తున్నట్టు తెలియకపోవడం లేదా అసలు రాకపోవడం, కాలు లేదా పాదం పట్టుదప్పడం. ఇవి కనిపిస్తే అదే రోజు, అదే గంటలో ఎమర్జెన్సీకి వెళ్లాలి. వెన్నుపాము కింద గుర్రపు తోకలా వేలాడే నాడుల కట్ట నలుగుతోందని దానర్థం. గంటల ఆలస్యంతో మూత్రం అదుపు శాశ్వతంగా పోవచ్చు.

ఇక మీ సంగతి. నాన్నగారి ఇబ్బందికీ మీ ఇబ్బందికీ చుట్టరికం ఉన్నట్టు నాకు అనిపించడం లేదు. మీ ఇంటి మగవాళ్ల నడకను అనుమానించాల్సిన పని లేదు.

మీరు రాసిన లక్షణాల కలగలుపు మాకు బాగా పరిచయం. నలభైల్లో మగవాడు, మూత్రంలో క్రిములు లేవు, ప్రొస్టేట్ బాగుంది, అయినా కింది భాగంలో బరువు, నొప్పి, మాటిమాటికీ మూత్రం, ధార మొదలవడానికి తాత్సారం. దీన్ని ఇప్పటికీ చాలాచోట్ల ‘ప్రొస్టేట్ వాపు’ అనేసి యాంటీబయాటిక్స్ రాసేస్తుంటారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 1995లో ఈ జబ్బులను నాలుగు తరగతులుగా విడగొట్టింది. క్రిములతో హఠాత్తుగా వచ్చేది, క్రిములతో దీర్ఘకాలం ఉండేది, క్రిములు లేకుండా నొప్పితో ఉండేది, ఏ బాధా లేకుండా పరీక్షల్లో మాత్రమే బయటపడేది. ప్రొస్టేట్ వాపు అనిపించుకునే బాధితుల్లో పదింట తొమ్మిదిమందికి పైగా ఆ మూడో తరగతివాళ్లే. దాని పేరు దీర్ఘకాలిక కటి నొప్పి సిండ్రోమ్. కటి అంటే పొత్తికడుపు కింద, తుంటి ఎముకల మధ్య భాగం. అందులో చాలామందికి కటి అడుగు కండరాలు, అంటే పెల్విక్ ఫ్లోర్, బిగుసుకుపోయి ఉంటాయి. క్రిమే లేనప్పుడు యాంటీబయాటిక్ ఏం చేస్తుంది? మూడో కోర్సు ఎవరైనా రాస్తే, కల్చర్‌లో ఏం వచ్చిందని మర్యాదగానే అడగండి.

వీడియోలో చెప్పింది పూర్తిగా గాలికబురు కాదు, పూర్తిగా నిజమూ కాదు. కాస్త ఓపిగ్గా చూద్దాం. ముందు జఘనాస్థి నుంచి వెనక తోకెముక దాకా పరుచుకున్న కండరాల పొర కటి అడుగు. మూత్రాశయం, ప్రొస్టేట్, పురీషనాళం దాని మీద ఆనుకుని ఉంటాయి. మూత్రం వచ్చే ముందు ఆ పొర వదులవ్వాలి, ఆ తర్వాతే మూత్రాశయం బిగుసుకుంటుంది. ఈ వరస మనకు తెలియకుండానే జరిగిపోతుంది. పొర వదలకపోతే ధార మొదలుకాదు, మొదలైనా తెగుతూ వస్తుంది, పూర్తిగా అయిన తృప్తి ఉండదు, కాసేపటికే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. మీరు రాసినవన్నీ ఇందులో ఉన్నాయి.

ఇప్పుడు తుంటి. కటి లోపలి పక్కగోడకు ఆబ్చురేటర్ ఇంటర్నస్ అనే కండరం ఆనుకుని ఉంటుంది. అది కటి వెనక నుంచి మెలిక తిరిగి బయటికొచ్చి తొడ ఎముకకు అతుక్కుంటుంది. తొడను బయటికి తిప్పే కండరాల్లో అదొకటి, పాదాలు బయటికి తిరగడంలో దానికీ చేయి ఉంటుంది. కటి అడుగు పొరలో ఎక్కువ భాగం ఈ కండరాన్ని కప్పిన గట్టి పొర మీదే మొదలవుతుంది. అంగానికీ, మలద్వారం చుట్టుపక్కలకీ స్పర్శనిచ్చే పుడెండల్ నాడి కూడా ఆ కండరం పక్కనే ఒక ఇరుకు సందులోంచి సాగుతుంది. తుంటి కండరం బిగిస్తే కటి అడుగుకు ఆ సంగతి తెలియకపోదు. ఇంతవరకూ శరీర నిర్మాణ శాస్త్రం, ఇందులో పేచీ లేదు.

అక్కడి నుంచి ‘పాదాలు బయటికి తిప్పి నడిస్తే మూత్రం జబ్బు వస్తుంది’ అనేదాకా వెళ్లడమే పెద్ద గెంతు. అలా నడిచేవాళ్లు కోకొల్లలు, వాళ్లలో అత్యధికులకు ఏ ఇబ్బందీ లేదు. చాలామందికి పాదం ఎటు తిరిగేదీ తొడ ఎముక, కాలి ఎముక మెలికను బట్టి చిన్నప్పుడే తేలిపోతుంది. మీరే ఒక చిన్న పరిశీలన చేయండి. ఐదేళ్లో పదేళ్లో కిందటి వీడియో ఏదైనా ఉంటే అందులో మీ నడక చూసుకోండి. పాత బూట్లుంటే మడమ ఏ వైపు అరిగిందో చూడండి. అప్పుడూ ఇలాగే నడిచేవారైతే, ఏడాది కిందట మొదలైన ఇబ్బందికి ముప్పై ఏళ్ల నాటి నడకను బాధ్యుణ్ని చేయడం న్యాయం కాదు. అలా కాకుండా నడక ఈ మధ్యే మారిందంటే, నొప్పి వల్ల మారి ఉండే అవకాశమే ఎక్కువ. కింద నొప్పి ఉన్నవాడు పిరుదులు బిగించి, పొట్ట లోపలికి లాక్కుని, అడుగు కుదించి నడుస్తాడు. మూత్రం తొందర ఉన్నవాడూ అంతే. దాన్నే చూసి ఇంకొకరు ఇదిగో కారణం అంటారు. నడక ఈ మధ్యే మారిందని తేలితే మాత్రం, పైన చెప్పిన నరాల పరీక్ష మీరూ ఒకసారి చేయించుకోవాలి.

నడక కంటే నేను ఎక్కువగా అనుమానించేది మీ కుర్చీని. గంటల తరబడి వెనక్కి జారి కూర్చున్నప్పుడు బరువు పిరుదుల కింది రెండు ఎముకల మీద నుంచి తోకెముక వైపు జరుగుతుంది. ఓ గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు పిరుదుల కింద పెట్టుకుంటే ఆ రెండు ఎముకలు వేళ్లకు తగులుతాయి. నడుమును మెల్లగా ముందుకూ వెనక్కూ వంచి చూడండి, బరువు ఎక్కడి నుంచి ఎక్కడికి జరుగుతోందో చేతులకే తెలుస్తుంది. అలాగే కూర్చుని ఒక చెయ్యి బొడ్డు కింద పెట్టి మామూలుగా ఊపిరి పీల్చండి. ఊపిరి లోపలికి వెళ్లేటప్పుడు పొట్ట ముందుకు రావాలి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర (ఉదరవితానం) దిగుతుంది కాబట్టి కటి అడుగు కూడా కొద్దిగా కిందికి దిగి వదులవ్వాలి. మీ పొట్ట కదలకుండా భుజాలు పైకి లేస్తున్నాయా? ఊపిరి పీల్చినప్పుడు మలద్వారం లోపలికి బిగుసుకుంటోందా? ఒత్తిడిలో పనిచేసేవాళ్లలో ఇది చాలా మామూలు. మెయిల్ చదువుతూ పళ్లు బిగించినట్టే కింద కూడా బిగిస్తారు, వాళ్లకే తెలియదు.

కెగెల్ వ్యాయామాలతో మీకు ఎందుకు ఎక్కువైందో ఇప్పుడు ఊహించగలరు. అమెరికా గైనకాలజిస్టు ఆర్నల్డ్ కెగెల్ 1948లో ప్రసవం తర్వాత కటి కండరాలు వదులైన స్త్రీల కోసం ఈ వ్యాయామం గురించి రాశారు. మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత దగ్గినా, లేచినా మూత్రం జారేవాళ్లకు ఇది ఉపయోగపడవచ్చు. మీకున్నది వదులు కాదు, బిగుతు. రోజంతా బిగిసి ఉన్న కండరాన్ని పనిగట్టుకుని మరో వందసార్లు బిగిస్తే అది ఇంకా మొండికేస్తుంది. ఇవాళ్టి నుంచి మానేయండి.

దాని బదులు వదలడం నేర్చుకోవాలి. నేల మీద వెల్లకిలా పడుకుని, పిక్కలు కుర్చీ మీద ఆనించండి. ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ పొట్టను పైకి లేవనివ్వండి. ఆ సమయంలో మలద్వారం, వృషణాల వెనక భాగం కిందికి జారుతున్నట్టు గమనించండి. ముక్కవద్దు, నెట్టవద్దు, గ్యాస్ వదలబోయే ముందు కండరం ఎంత మెల్లగా వదులవుతుందో అంతే చాలు. ఉదయం, రాత్రి ఐదేసి నిమిషాలు. తర్వాత పడుకునే ఒక మోకాలి మీద రెండో కాలి చీలమండ వేసి, తొడను ఛాతీ వైపు లాక్కుని అర నిమిషం ఉంచండి. పిరుదు లోతుల్లో లాగినట్టుంటే సరైన చోటే లాగుతోంది. మొదటి వారం ఏమీ తెలియదు. రెండు మూడు వారాలకు, పగలు పని మధ్యలో ‘అరె, మళ్లీ బిగించాను’ అని పట్టుకోగలుగుతారు. నిజమైన మార్పు అక్కడ మొదలవుతుంది. కటి కండరాల్లో శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు అందుబాటులో ఉంటే తప్పక వెళ్లండి. వాళ్లు మలద్వారం ద్వారా వేలితో పరీక్షించి ఏ కండరం బిగిసిందో చెప్తారు. ఇబ్బందిగా అనిపించినా, మీరు చేయించుకున్న స్కానింగ్ చెప్పలేని సంగతి ఆ వేలు చెప్తుంది.

కుర్చీలో అరగంటకోసారి లేవండి. లేచి నిలబడి రెండు నిమిషాలు తిరిగినా చాలు. ‘వీపు నిటారుగా’ అంటూ కర్రలా కూర్చోవడం, పొట్ట లోపలికి లాక్కోవడం మళ్లీ బిగుతుకే దారి. సైకిల్ తొక్కే అలవాటుంటే నెల రోజులు ఆపి చూడండి, ముక్కున్న సన్నని సీటు సరిగ్గా మీకు నొప్పి ఉన్నచోటే నొక్కుతుంది. మలబద్ధకం ఉంటే దాన్ని తగ్గించుకోవాలి, ముక్కితే కింద అన్నీ బిగుస్తాయి.

నడక మార్చుకోవాలా అని అడిగారు. మార్చుకోవద్దు, పెంచండి. అమెరికాలో ఆరోగ్య వృత్తుల్లో ఉన్న మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనం 1998లో వెలువడింది. వారానికి రెండు మూడు గంటలు నడిచేవాళ్లకు ప్రొస్టేట్ పెరుగుదలతో వచ్చే ఇబ్బందుల ముప్పు దాదాపు 25 శాతం తక్కువగా కనిపించింది. నడకే దాన్ని తగ్గించిందని ఒక్క అధ్యయనంతో తేల్చలేం, పైగా మీకున్నది ప్రొస్టేట్ పెరుగుదల కాదు. అయినా బిగిసిన తుంటికి, కూర్చుని మొద్దుబారిన కింది భాగానికి నడక మంచిదే. పాదాలను బలవంతంగా తిన్నగా తిప్పకండి, మోకాళ్లు నొప్పి పుడతాయి. ఫోన్ జేబులో పెట్టి, చేతులు ఊగనిచ్చి, పొట్ట వదిలేసి, మీకు తేలికగా పడే అడుగుతో రోజూ అరగంట నడవండి. ఎలా నడుస్తున్నానా అని చూసుకుంటూ నడిచేవాడు సగం బిగించే నడుస్తాడు.

మూత్రాశయానికి కూడా కొన్ని అలవాట్లు మాన్పించాలి. మూడు రోజులు ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్నింటికి తాగారు, ఎంత తాగారు, ఎన్నింటికి వెళ్లారు, కొలగిన్నెలో ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది. ఎదిగిన మనిషి మూత్రాశయం సాధారణంగా 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పట్టుకోగలదు. పగలు ఏడెనిమిదిసార్లు వెళ్లడం మామూలే. మీ లెక్కలో ప్రతిసారీ 100, 120 మాత్రమే కనిపిస్తే, మూత్రాశయం నిండకముందే ఖాళీ చేస్తున్నారన్నమాట. మీటింగుకు ముందు ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి, దారిలో ఉండదేమోనని ఇంకోసారి వెళ్లే అలవాటుతో దానికి కొంచెంతోనే గోల చేయడం వచ్చేస్తుంది. వెళ్లాలనిపించినప్పుడు పరుగెత్తకండి. ఆగి, నిలబడ్డచోటే నాలుగైదు నెమ్మదైన ఊపిరులు తీసుకోండి. ఆ తాకిడి ఒక నిమిషంలో తగ్గుతుంది, అప్పుడు మామూలుగా నడిచి వెళ్లండి. వారానికి పది పదిహేను నిమిషాల చొప్పున ఎడం పెంచుకుంటూ పోండి. కాఫీ, టీలు ఎక్కువైతే సగానికి తగ్గించండి. నీళ్లు తగ్గించకండి, చిక్కబడిన మూత్రం మంట పెంచుతుంది.

జిప్పు పెట్టుకున్నాక పడే ఆ నాలుగు చుక్కల గురించి మీరు అనవసరంగా దిగులు పడుతున్నారు. మగవాళ్ల మూత్రనాళం వృషణాల వెనక ఒక వంపు తిరుగుతుంది. చివరి కొద్ది మూత్రం ఆ వంపులో నిలిచిపోయి, మీరు నడవగానే బయటికొస్తుంది. మూత్రం పోశాక కొన్ని క్షణాలు ఆగండి. రెండు మూడు వేళ్ల కొసలు వృషణాల వెనక పెట్టి మెత్తగా పైకీ ముందుకీ ఒత్తుతూ తీసుకురండి, రెండుసార్లు చాలు. వంపులోని చుక్కలు అక్కడే వచ్చేస్తాయి. ఇన్నేళ్ల వైద్యంలో ఇంత సులువైన చిట్కా ఎవరూ చెప్పలేదని పేషెంట్లు నా మీద కోప్పడిన సందర్భాలున్నాయి!

కూర్చుని పోయాలా, నిలబడి పోయాలా? నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2014లో విశ్లేషించారు. మూత్రం ఇబ్బంది ఉన్న మగవాళ్లు కూర్చుని పోసినప్పుడు లోపల మిగిలేది సగటున 25 మిల్లీలీటర్లు తగ్గింది. ఏ ఇబ్బందీ లేనివాళ్లలో తేడా లేదు. ఇరవై ఐదంటే అద్భుతమేమీ కాదు. అయినా మీ విషయంలో కూర్చోమనే చెప్తాను, కొలత కోసం కాదు, కూర్చుంటే తొడలూ పిరుదులూ వదులవుతాయి, తొందరపడరు. మోకాళ్లు ఎడంగా, పాదాలు నేలకు ఆనించి, మోచేతులు తొడల మీద పెట్టుకోండి. ధార రాలేదని ముక్కకండి. నాన్నగారైతే రాత్రీ పగలూ తప్పకుండా కూర్చునే పోయాలి.

మీకు మిగిలిన పరీక్ష ఒకటుంది, యూరోఫ్లోమెట్రీ. ఒక యంత్రంలో మూత్రం పోస్తే ధార వేగం గీత గీస్తుంది. కనీసం 150 మిల్లీలీటర్లయినా వచ్చేలా నిండుగా వెళ్లండి, లేకపోతే గీతకు విలువ లేదు. సెకనుకు 15 మిల్లీలీటర్లు దాటితే మామూలుగా దారి బాగున్నట్టే. 10 కంటే తక్కువై, గీత బల్లపరుపుగా సాగితే మూత్రనాళం ఎక్కడైనా ఇరుకైందేమో చూడాలి. అది వ్యాయామాలతో పోయేది కాదు. మూత్రాశయం మెడను వదులు చేసే ఆల్ఫా బ్లాకర్ బిళ్లలు కొన్ని వారాలు వాడి చూడమని డాక్టరు అనవచ్చు, కొందరికి బాగా పనిచేస్తాయి. మొదటి రోజుల్లో మంచం మీంచి గబుక్కున లేస్తే కళ్లు తిరగవచ్చు, ఆ జాగ్రత్త ఒకటి. మూత్రంలో రక్తం కనిపించినా, చలిజ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా ఇదంతా పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పైవన్నీ శ్రద్ధగా చేస్తే ఆరు నుంచి పన్నెండు వారాల్లో తేడా తెలియాలి. ఒక్కసారిగా పోదు. బాగున్న రోజులూ, మళ్లీ మొదటికొచ్చినట్టనిపించే రోజులూ కలగాపులగంగా ఉంటాయి. పని ఒత్తిడి పెరిగిన వారంలో నొప్పి పెరగడం సహజం, దాంతో వ్యాయామం పనిచేయలేదని మానేయకండి. పన్నెండు వారాలకీ ఏ తేడా లేకపోతే మళ్లీ యూరాలజిస్టును కలిసి, ఆ మూడు రోజుల కాగితం, యూరోఫ్లో గీత చేతికివ్వండి.

సోల్స్ సంగతి మిగిలింది. పాదానికి హాయిగా ఉంటే వేసుకోండి, లేదంటే తీసేయండి. మూత్రం కోసమని ఇంకో జత మాత్రం కొనకండి.